తోక మీద జనరేటరు

ఆ బండిలో అందరికంటే ముందు తినేది జనరేటరే. ఉదయం పదింటికి తాడు లాగగానే అది పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్జు, పొగ లాగే ఫ్యాను, రెండు బల్బులు, జ్యూసు మిక్సీ దాని మీద పడి బతుకుతాయి. అవన్నీ బతికాక మిగిలినదాంట్లో భార్యాభర్తలిద్దరూ బతకాలి. గోడౌన్ల వీధిలో, లారీలు సరుకు దించే గేటు ఎదురుగా ఆరేళ్లుగా నిలబడుతోంది ఆ తిండిబండి. వేయించిన కోడిముక్కలు, గుడ్డు రొట్టె, నిమ్మరసం, అంతే. కిటికీ దగ్గర ఆవిడ, మూకుడు దగ్గర ఆయన. హమాలీలూ డ్రైవర్లూ ఆవిణ్ణి అక్కా అంటారు, ఆయన్ని చెవి డాక్టరంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. చుట్టుపక్కల బళ్లవాళ్ల జనరేటర్లు మొరాయిస్తే ఆయన్ని తీసుకెళ్లి పక్కన నిలబెట్టేవాళ్లు. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం విని, ప్లగ్గు మసిబట్టిందనో, పెట్రోల్లో నీళ్లు కలిశాయనో తేల్చేసేవాడు. విప్పి చూస్తే ఆయన చెప్పిందే ఉండేది. మొగుడి చెవుల మీద ఆవిడకు ఎంత గురి అంటే, వాటి మీద ఏకంగా ఒక పొదుపు పథకమే కట్టింది. ఇంజను ఆయిలు వంద గంటలకోసారి మార్చి తీరాలని అమ్మినవాడు చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు, ఆయిలు అమ్మేది కూడా వాడేగా అని ఆవిడ కొట్టిపారేసింది. ఇంజను గొంతు బొంగురుపోతే ఆయనకి తెలుస్తుంది, అప్పుడు మారిస్తే చాలంది. నిజంగానే చాలింది. ఏటా నాలుగైదు డబ్బాల ఆయిలు మిగిలింది.

ఆవిడ పొదుపులు ఇంకా చాలా ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఈగలు తప్ప ఎవరూ రారు గనక ఆ రెండు గంటలూ జనరేటరు ఆపించేది. చల్లదనం పోకుండా ఫ్రిజ్జు పిడికి గుడ్డ కట్టేసి, సరుకు కొనడానికి బజారుకి వెళ్లేది. ఆయన బండి కింద గోనెపట్టా పరుచుకుని నిద్రపోయేవాడు. అన్నిటికంటే పెద్ద పొదుపు మాత్రం తోక.

నాలుగేళ్ల కిందటి దాకా జనరేటరు ఇరవై అడుగుల అవతల, గోడవార ఉండేది. అక్కడ పెట్టుకోనిచ్చినందుకు గేటు కాపలావాడి చెయ్యి రోజూ తడపాలి. వైరు లారీ చక్రాల కింద పడి రెండుసార్లు తెగింది. ఒకసారి ఎవడో ఏకంగా జనరేటరునే ఎత్తుకుపోబోయాడు. ఇక లాభం లేదని ఆవిడ వెల్డింగువాడిని పిలిచి, బండి వెనకాల ఇనప పలక ఒకటి అతికించి, దాని మీద జనరేటరును బిగించేసింది. బండికి తోక మొలిచిందని అందరూ నవ్వారు. ఆయన మూకుడు ముందు నిలబడితే, ఆయన తలకీ ఆ చప్పుడుకీ మధ్య ఒక్క రేకు అడ్డం.

మొదటి రోజు ఆయన గొణిగాడు, బుర్ర పగిలిపోతోందన్నాడు. చెవుల్లో దూది పెట్టుకోండి, నాలుగు రోజులు పోతే అలవాటైపోతుందని ఆవిడ సర్దిచెప్పింది. కాపలావాడి మామూలు, వైరు ఖర్చు, దొంగ భయం అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది. లెక్కల్లో ఆవిణ్ణి గెలిచినవాడు లేడు. ఆయన దూది పెట్టుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత గొణగడం మానేశాడు. అలవాటైందనుకుని ఆవిడ ఇక ఆ సంగతే మర్చిపోయింది.

ఆ హోరులో మాటలు పనికిరావు గనక ఇద్దరి మధ్యా సైగలు పుట్టాయి. రెండు వేళ్లు ఎత్తితే రెండు ప్లేట్ల కోడి. పిడికిలి బిగిస్తే కారం తక్కువ. తల మీద తట్టుకుంటే గుడ్డు రొట్టె. కొన్నాళ్లకి హమాలీలు కూడా నోరు మెదపకుండా తల మీద తట్టుకుని రొట్టెలు తీసుకుపోయేవాళ్లు. బండి దగ్గర ఒక్క మాటైనా మాట్లాడకుండా పది గంటలు పని జరిగిపోయేది.

ఇంట్లో మాట్లాడతాడా అంటే అదీ లేదు. టీవీ పెట్టి సౌండు మొత్తం తీసేసేవాడు. రోజంతా మోత విన్నది చాలదా అనేవాడు. ఫోను వస్తే ఆవిడ చేతిలో పెట్టేవాడు. ఆవిడ వంటింట్లోంచి ఏదైనా చెబితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పెళ్లయి ఇరవయ్యేళ్లు దాటితే మొగుళ్లందరూ ఇంతేనని అక్కచెల్లెళ్లతో చెప్పుకుని నవ్వింది కొన్నాళ్లు. తర్వాత నవ్వడం మానేసి అలగడం మొదలుపెట్టింది. అలిగిన సంగతి కూడా ఆయనకి తెలియనట్టే ఉండేది. అది ఇంకా ఒళ్లు మండించేది.

ఆ సోమవారం జనరేటరు చప్పుడులో తేడా వచ్చిందని ఆవిడకే అనిపించింది. లోపల ఎవరో సుత్తితో చిన్నగా కొడుతున్నట్టు టకటకమంటోంది. చెవి చూపించి, తోక వైపు వేలు చూపించి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పింది. ఆయన వెనక్కి వెళ్లి, జనరేటరు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు నిలబడి వచ్చి బొటనవేలు ఎత్తాడు. ఆయనే బాగుందన్నాక తనదేముందిలే అనుకుంది. మంగళవారం ఆ టకటక పెద్దదైంది. మళ్లీ అడిగింది, మళ్లీ బొటనవేలే.

బుధవారం ఒంటిగంటకి, కిటికీ ముందు ఇరవై మంది ఉండగా, వెనకాల ఫెడీమని ఏదో విరిగింది. హమాలీలు ఉలిక్కిపడి వంగారు. ఒకడి చేతిలో ప్లేటు జారిపోయింది. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. జనరేటరు ఆగిపోయింది. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

ఆయన కోడిముక్కలు తిరగేస్తున్నాడు. తొందరేమీ లేకుండా ఒక్కో ముక్కా తిరగేసి, గరిటె మూకుడు అంచుకి తట్టి, ఇంకో చేత్తో ఉప్పు చల్లాడు. ఏవండీ అని పిలిచింది. గట్టిగా పిలిచింది. గొంతు చించుకుని పిలిచింది. వీధి చివరి దాకా వినబడింది. మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. నూనె పొగ బయటికి పోకుండా మొహం మీదికి వస్తే అప్పుడు తలెత్తి, ఆగిపోయిన ఫ్యాను వంక చూసి, ఆ తర్వాత ఆవిడ వంక చూశాడు. ఆవిడ మొహం చూడగానే తన గుట్టు బయటపడిందని ఆయనకి తెలిసిపోయింది. పొయ్యి కట్టేశాడు.

మెకానిక్కు వచ్చి విప్పాడు. లోపల రాడ్డు విరిగి, ఇంజను గోడకి చిల్లు పడింది. ఆయిలు అడుగున తారులా అట్టకట్టుకుపోయి ఉంది. ఇక ఇది పాత ఇనుము కొట్టుకే పోతుందన్నాడు. ఆయన్ని చూసి అతనికి ఆశ్చర్యమేసింది.

"రెండు మూడు రోజుల ముందు నుంచే కొట్టుకుంటూ ఉండాలే అన్నా. మీరుండి ఎలా వదిలేశారు?"

ఆయన అతని పెదాల వంకే చూస్తున్నాడు. ఆవిడ మధ్యలోకి వచ్చింది.

"ఈమధ్య దాన్ని నేనే చూసుకుంటున్నాను బాబూ. నాకు తెలియలేదు."

అద్దెకి ఇంకో జనరేటరు తెస్తానని మెకానిక్కు వెళ్లాడు. జనం వెళ్లిపోయారు. ఆవిడ బండెక్కి, ఆయనకి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా నోరు కదిపి అడిగింది ఎప్పటినుంచని.

"ఎడమది మూడేళ్లయింది. కుడిది నిరుడు పోయింది. చెయ్యి పెడితే అదురు తెలిసేది, దాంతో నెట్టుకొచ్చాను. ఈసారి చెయ్యి కూడా పసిగట్టలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెడతావు. నా చోట ఇంకొకళ్లని పెట్టుకుని జీతమివ్వాలి. పెట్రోలుకే చాలక చస్తున్నాం, ఆ జీతం ఎక్కడినుంచి తెస్తావు?"

కోపంగా అనలేదు, ఫిర్యాదు చేసినట్టూ అనలేదు. ఆవిడ ఎప్పుడూ చెప్పే లెక్కని ఆవిడకే అప్పజెప్పినట్టు చెప్పాడు. ఏటా మిగిల్చిన ఆయిలు డబ్బాలు, కాపలావాడికి ఎగ్గొట్టిన మామూళ్లు, కొనకుండా మానేసిన వైరు అన్నీ ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవన్నీ ఎవరి ఒంట్లోంచి తీసి మిగిల్చిందో ఇప్పుడు అర్థమైంది. అలిగిన రోజులు కూడా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. డాక్టరు దగ్గరికి వెళదామంది. నిరుడే వెళ్లానన్నాడు. పోయింది తిరిగి రాదన్నారని చెప్పి, బజారుకి టైమవుతోంది వెళ్లమన్నాడు.

నాలుగింటికి మెకానిక్కు ఆటోలో అద్దె జనరేటరు తెచ్చాడు. ఎక్కడ దించమంటారని అడిగాడు. ఆవిడ దూరంగా గోడవార చూపించింది. అక్కడికైతే పెద్ద వైరు కావాలి, దానికి అద్దె వేరే, కాపలావాడితో కూడా మాట్లాడుకోవాలని అతను నసిగాడు. ఎంతైనా సరే అక్కడే దించమని ఆవిడ మొండికేసింది.

ఆయన ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించాడు. కిందికి దిగి, బండి వెనక్కి వెళ్లి, తోక మీద పడ్డ ఆయిలు మరకలు గుడ్డతో తుడిచి, ఇక్కడ పెట్టమన్నట్టు రెండుసార్లు తట్టాడు.

"ఇక్కడే ఉండనీ. ఇక నాకు కొత్తగా పోయేదేముంది?"

మెకానిక్కు ఆవిడ వంక చూశాడు. వద్దనాలని ఆవిడ నోటి దాకా వచ్చింది. కానీ వైరు అద్దె, కాపలావాడి మామూలు, కొత్త జనరేటరుకి చెయ్యబోయే అప్పు వద్దన్నా ఆగకుండా బుర్రలో ఒకదాని కింద ఒకటి చేరిపోయాయి. కూడిక ఆయన వైపే తేలింది. అంత పని జరిగాక కూడా తన బుర్ర ఆ కూడిక చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కడే పెట్టు," అంది మెకానిక్కుతో, మొగుడి వంక చూడకుండా.