పెంచలయ్య రఫూ చేసిన సీటుబెల్టు

వైశాఖమాసమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తములయిన వేంకటగిరి వీథులు నిర్మానుష్యములై యుండ, ఇంటింటను మగ్గముల చప్పుడు మాత్ర మెడతెగక వినవచ్చుచుండ, వేపచెట్టునీడ నిలిచిన యొక పాతకారులో తలుపు తెరచుకొని, సీటుబెల్టును వెలుతురునకు బట్టి చూచుచు, అరువదేండ్లు దాటిన నేతగాడొకడు చెమటలు గ్రక్కుచు గూర్చుండి యుండెను. అతడు పెంచలయ్య. చినిగిన పట్టుచీరను కట్టుకొన్నదానికే జాడ తెలియకుండ రఫూ చేయుటయం దాయూర నాతనిని మించినవాడు లేడు. ఆ సంగతి యెల్లరకంటె నెక్కువగా నాతనికే తెలియును.

ఇన్నేండ్ల యెండకును రాపిడికిని ఆ కారు ముందుసీట్ల బెల్టులు రెండును జివికిపోయినవి. భార్య వెంగమాంబ కూర్చుండు నెడమవైపుదాని యంచు పీచులు లేచి సగమువఱకు దెగియుండెను. ఆ యుదయముననే మెకానిక్కు మస్తాను వచ్చి చూచి, "పెద్దాయనా, ఈ బెల్టులు పనికిరావు. పాతబండి గదా, మద్రాసు నుంచి తెప్పియ్యాల. కొంచెం ఓపిక పట్టు" అని చెప్పి పోయెను. పెంచలయ్యకు ఓపిక లేకపోలేదు. నేసిన వస్తువును గూర్చి మఱియొకడు తనకు బుద్ధి చెప్పుటను సహించు గుణమే లేదు.

"మస్తాను మాట ఇనయ్యా. కొత్తవి ఏపిచ్చు" అని వెంగమాంబ గడపలోనుండి పలికెను.

"ఇదేమన్నా ఇనుమా, వాడు చెప్పేదానికి? పడుగూ పేకా ఉండాయి. నేసిన గుడ్డ. ఇది మన పని."

అంతట నా మహాశిల్పి కండ్లద్దములు సవరించుకొని, నల్లని నైలానుదారమును సూదికెక్కించి, పోగువెంట పోగు కలుపుచు బ్రొద్దుగూకువఱకు శ్రమింపగా, ఆ బెల్టు అంగడినుండి యపుడే తెచ్చినట్లుండెను. వెంగమాంబ దానిని రెండుచేతులతో దడవి చూచి, అతుకెక్కడనో కానక మురిసిపోయెను. కొత్తబెల్టుల మాట ఆ యింట మరల రాలేదు.

కొన్నిదినములకు వారిరువురును గూడూరిలోని బంధువులయింటికి బోవుచుండ, దారిప్రక్క తుమ్మపొదలనుండి యెనుబోతొకటి హఠాత్తుగా రోడ్డునకు అడ్డము వచ్చెను. పెంచలయ్య బ్రేకు ద్రొక్కెను. ఎనుబోతు బ్రతికెను. పెంచలయ్యను బెల్టు పట్టి నిలిపెను. వెంగమాంబ బెల్టు పుటుక్కున దెగ, నామె డ్యాష్‌బోర్డునకు గొట్టుకొనెను. వైద్యులు కుడిభుజపు టెముకల నతికిరి గాని చేయి మరల పైకి లేవలేదు. కాపురమునకు వచ్చిననాటినుండి భర్త మగ్గమునకు నూలుకండెలు చుట్టి యందించిన చేయి అది.

పెంచలయ్య కారుకడకు బోయి తెగిన బెల్టును జేతబట్టి చూచెను. రఫూ చెక్కుచెదరలేదు. దాని ప్రక్కనున్న పాతనూలు తెగినది. చీర తెచ్చిన ప్రతి యాడుదానితోను, "కట్టుకోవచ్చు గానీ గుంజబాకమ్మా, పక్కన పోతాది" అని యతడు తప్పక చెప్పెడివాడు. ఆ యొక్కమాట భార్యకు జెప్పడయ్యెను. అతుకు వికారముగా నుండినయెడల నామెయే చూచి భయపడి, ఆ సీటున గూర్చుండకపోయెడిది గదా యని తలచి, జీవితమున మొదటిసారి తన చేతిపనిని దాను ద్వేషించి, స్టీరింగుపై దలవాల్చి యేడ్చెను.

మద్రాసునుండి కొత్తబెల్టులు వచ్చినవి. మస్తాను వానిని బిగించుచుండ పెంచలయ్య ప్రక్కన నిలిచి పనిముట్లందించెను.

పరామర్శకు వచ్చినవారిలో నెవరైనను పెనిమిటిని దూఱుదురేమో యని వెంగమాంబ ముందుగానే తలగడక్రిందినుండి తెగిన బెల్టుముక్కను ఎడమచేతితో దీసి, "మా ఆయన్ని ఏమీ అనబాకండి. ఆయన ఏసిన రఫూ తెగలా, పక్కన తెగింది. కావాలంటే చూడండి" అని గర్వముతో జూపుచుండును. వారును జూచి మెచ్చుకొందురు.

నిందించినవారికి బదులు చెప్పవచ్చును. తనవలన దెబ్బతిన్నవారే తన్ను మెచ్చుకొనుచుండ మనుష్యుడేమి చెప్పగలడు? నీ చేయి తీసినది నా చేయియే యని యొప్పుకొనవలయునని పెంచలయ్య ప్రతిదినమును ఆమె మంచముదాక వచ్చును. ఆమె నగుమొగముతో దలయెత్తి చూచును. అతడు మజ్జిగ కావలెనా యని యడిగి మరలిపోవును.