ఇంటిపిల్లల మీద పరీక్ష

నా ఉద్యోగం పురుగులు పెంచడం. నవ్వకండి. క్యాబేజీ తినే పచ్చపురుగులకు పొద్దున్నే ఆకు వేయాలి, రెట్ట తుడవాలి, గుడ్లు చూసుకోవాలి. ఇరవై ఏళ్లుగా అవి మా గాజుగదిలోనే పుట్టి అక్కడే పోతున్నాయి. మందు వాసన కూడా ఎరగవు. వాటిని ఇంటిపిల్లలు అంటాం. పొలం నుంచి వచ్చినవి బయటివాళ్లు. రోగాలు తెస్తాయని బయటివాళ్లను గదిలోకి రానివ్వం.

మా అన్నయ్య క్యాబేజీ వేస్తాడు. ఈసారి మూడుసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. మందు సీసా పట్టుకుని, పురుగుమందులు పరీక్షించే మా ఆఫీసుకే వచ్చాడు.

"నువ్వు చూసి చెప్పవే. నువ్వు చెప్పేదాకా మందు ముట్టను. సగం తోటైనా మిగలాలి," అన్నాడు.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఆకు ముక్కను మందులో ముంచి, ఆరబెట్టి, పురుగుల్ని వదిలి, మూడో రోజు చచ్చినవి లెక్కపెట్టడమే. మా పెద్దసారు ఇంటిపిల్లల మీదే చేయమన్నారు. వంద వదిలాను. వందకు వంద చచ్చాయని రాసిచ్చాను. దాని కిందే ఆయన "మందులో లోపం లేదు, కొట్టడంలోనే లోపం. మోతాదు రెట్టింపు చేయవచ్చు" అని గీకేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, ఇవి ఆ తోటలో పురుగులు కావు కదా! వాటి మీద చూడొద్దూ?"

"పురుగు పురుగే కదమ్మా."

"వారం రోజులు ఆ కాగితం పంపకండి."

"సరేలే, ఎక్కడికీ పోదు," అన్నారు.

మర్నాడే టిఫిన్ డబ్బాలో అన్నయ్య తోట పురుగుల్ని తెచ్చి, స్టోరు రూములో బల్ల వేసుకుని అదే మందుతో అదే పరీక్ష పెట్టాను. వందలో తొంభై ఒకటి బతికాయి. బతకడమా, మందు పూసిన ఆకును ఈనెలు మిగిల్చి మరీ మేశాయి! పెద్దసారు ట్రే వంక చూసి, "ముంచడంలో లోపం. పారేసి మళ్లీ చెయ్యి," అన్నారు. మా దగ్గర అదో ఆనవాయితీ. పురుగులు చస్తే ఘనత మందుది, బతికితే తప్పు మాది. ఇన్నేళ్లలో రైతులు తెచ్చిన పురుగులు బతికిన ఇలాంటి ట్రేలు ఎన్ని చెత్తబుట్టలో దులిపానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. జవాబు కళ్లముందు పాకుతుంటే చీపురుతో ఊడ్చేశాం!

ఈసారి పారేయలేదు. పైగదిలో జన్యువులు చదివే ఒకావిడ ఉంది, అందరం అక్షరాలక్క అంటాం. బతికినవాటిని ఆవిడకు అప్పగించాను. రెండు రోజులకు పిలిచింది.

"నరాల్లో మందు తగులుకునే చోటు ఒకటుంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారింది. ఇంక మందుకు పట్టు దొరకట్లేదు. తల్లి నుంచి వచ్చిందీ అదే, తండ్రి నుంచి వచ్చిందీ అదే."

"మందే మార్చేసిందా అక్కా?"

"కాదే పిచ్చిదానా. ఎన్ని లక్షల్లోనో ఒకటో రెండో ముందే అలా పుట్టి ఉంటాయి. మందు మిగతావాటిని చంపి, తోటంతా వీటికి రాసిచ్చింది. ఇక వీటికీ వీటికీ పెళ్లిళ్లు, ఏడాదికి పదిహేను తరాలు."

"రెట్టింపు కొడితే?"

"ఇవి చావవు. వీటిని తినే సాలీళ్లు చస్తాయి."

ఆ కాగితంతో పెద్దసారు గదిలోకి దూసుకెళ్లాను. ఆయన టీ తాగుతున్నారు.

"ఇప్పుడిదేం చేసుకోను? మొదటి కాగితం ఆ రోజే రైతుకు పోస్టులో వెళ్లిపోయిందిగా," అన్నారు, టీలో పంచదార తక్కువైందని చెప్పినంత తాపీగా.

"ఎక్కడికీ పోదన్నారు కదండీ!" నా గొంతు వరండా అంతా వినపడింది. వినపడనీ.

అక్కడే నిలబడి అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఆ మందు ముట్టకు అన్నయ్యా!"

"నిన్ననే కొట్టేశాను కదే, రెట్టింపు," అన్నాడు. "సాలీళ్లన్నీ రాలిపోయాయి. పురుగు మాత్రం తింటూనే ఉంది. నా చేతిలోనే ఏదో లోపం ఉన్నట్టుంది."

"నీ చేతిలో ఏ లోపమూ లేదు. అసలు ఆ ఆఫీసు మాట ఎందుకు విన్నావు?"

"ఆఫీసు మాటయితే వినేవాణ్ణా?" అన్నాడు అన్నయ్య. "వందకు వంద అని నీ చేతిరాత ఉంది. మీ వదిన కూడా గుర్తుపట్టింది. చెల్లెలు రాసిందంటే ఇంక ఆలోచించేదేముందని అప్పుడే పంపు భుజానికెత్తుకున్నా."