అత్తగారి వాక్యం

"ఇవాళ్టి మాట పోస్ట్‌పోన్ అత్తయ్యా. అంటే వాయిదా వెయ్యడం," అన్నాడు అల్లుడు, ఆవిడ మంచం పక్కకి స్టూలు లాక్కుంటూ. ఒళ్లో తెల్లకాగితం, చెవి మీద పెన్సిలు.

ఇంగ్లిషు మాటలు నేర్పే పుస్తకాలు వేసేచోట అతనికి పని. మాటకు అర్థం రాసేవాళ్లు వేరు. దాని కింద ఉదాహరణ వాక్యం రాయడం ఇతని వంతు. ఆఫీసులో పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి 'ఉదాహరణ' అంటున్నారు. పాపం, తనంతట తాను చచ్చీచెడీ రాస్తే 'పుస్తకం బల్ల మీద ఉంది' తప్ప మరొకటి వచ్చేది కాదు. పెళ్లయిన కొత్తలో ఓసారి సరదాకి అత్తగారిని అడిగాడు. ఇంగ్లిషు ముక్క రాని ఆవిడ ఠక్కున చెప్పేసింది. అప్పట్నుంచి ఆవిడ తెలుగులో అనడం, ఇతను ఇంగ్లిషులోకి దింపుకోవడం. ఇంట్లో మిగతావాళ్లు మాత్రం, అచ్చులో వేసేస్తాడని, ఇతని ముందు నోరు విప్పరు.

ఆవిడ ఈమధ్య బాగా చిక్కిపోయింది. చేతుల మీద చర్మం వదులు చొక్కాలా వేలాడుతోంది. మాట పదును మాత్రం తగ్గలేదు. పళ్లసెట్టు సర్దుకుని, పైకప్పు కేసి చూసి, "రాసుకోండి అల్లుడుగారూ. మా అల్లుడి ఉద్యోగం పోతుందని నేను రోజూ నా చావు వాయిదా వేస్తున్నాను," అంది.

అతను పకపకా నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య నవ్వలేదు.

"మీకు మా అమ్మ కావాలా, అమ్మ చెప్పే వాక్యాలు కావాలా?" అంది.

అతనికి ఒళ్లు మండింది.

"ఊరుకోవే! అల్లుడుగారూ, ఇది అచ్చయ్యాక తెచ్చి చదివి వినిపించాలి సుమండీ," అంది అత్తగారు. ఇన్నేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఆఫీసులో సంపాదకుడు కాగితం చూసి ఎర్రసిరా పెన్ను తీశాడు. "చావేమిటయ్యా పొద్దున్నే? పిల్లలు చదివేది. ప్రయాణం అని మార్చు."

"మార్చనండి."

అతను ఎవరికీ ఎదురుచెప్పి ఎరగడు. తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు. "అది మా అత్తగారి మాటండి. ఇంతవరకూ వేసినవన్నీ ఆవిడవే. ఇదొక్కటీ ఉన్నదున్నట్టు ఉంచండి."

"సరే, చూద్దాంలే," అని సంపాదకుడు కాగితం పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుంటే భార్య ఫోను చేసింది. "అమ్మ పోయిందండీ. మీరు వెళ్లాక కాస్త పడుకుంది, నిద్రలోనే..." అతను మూత మళ్లీ బిగించేశాడు.

సంగతి చెప్పగానే సంపాదకుడు లేచి నిలబడ్డాడు. "అయ్యయ్యో! నీ వాక్యం మార్చనులే. అలాగే వేద్దాం."

"వద్దండి. ఇప్పుడది అబద్ధం," అన్నాడు అతను. ఎర్రసిరా పెన్ను అడిగి తీసుకుని, వాక్యం మొత్తం తనే కొట్టేసి, ఇంటికి బయల్దేరాడు.

సాయంకాలానికి జరగాల్సినవన్నీ జరిగిపోయాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. మంచం ఎత్తి గోడకు ఆనించారు. కిటికీ గట్టు మీద, పడుకునే ముందు ఆవిడ తీసి పెట్టుకున్న పళ్లసెట్టు గాజుగ్లాసు నీళ్లలో అలాగే ఉంది.