అమ్మవారి కుచ్చిళ్లు

మామిడికుదురు దగ్గరి ఆ ఊళ్లో శ్రావణమాసం వచ్చిందంటే లక్ష్మీతులసి పేరు మారుమోగిపోతుంది. ఆవిడేమీ మంగళహారతులు పాడదు. బూరెలు కూడా ఓ మోస్తరుగానే వండుతుంది, నూనెలో వేయగానే సగం నోళ్లు తెరుస్తాయి. కానీ వరలక్ష్మీవ్రతం నాడు ఆ ఇంట్లో కలశానికి కట్టిన చీర చూడ్డానికి వీధి వీధంతా కదిలివస్తుంది. మిగతా ఇళ్లలో అమ్మవారు చీర కప్పుకుని కూర్చుంటుందనీ, తులసిగారింట్లో మాత్రం చీర కట్టుకుని కూర్చుంటుందనీ పేరంటాళ్లు చెప్పుకుంటారు.

ఇందులో చిన్న చిక్కుంది. ఆ చీర కట్టేది తులసి కాదు. ఆవిడ మొగుడు చిన్నబ్బాయి.

పేరు విని పాలబుగ్గల కుర్రాణ్ణి ఊహించుకోకండి. యాభై దాటిన మనిషి, బుర్రమీసాలు, కొబ్బరికాయల వ్యాపారం. ఆయన తోటలో కేకేస్తే కాలవ అవతలి గేదెలు తలెత్తుతాయి. అలాంటి మనిషి చీర కుచ్చిళ్లు పెడతాడని తెలిస్తే ఊళ్లో మగాళ్లందరూ నవ్వి చంపుతారని ఆయన భయం. పెళ్లయిన కొత్తలో వ్రతం నాడు తులసి కలశానికి కట్టిన చీర చూసి ఉండబట్టలేక, తలుపేసి, తనే విప్పి మళ్లీ కట్టాడు. ఎవరికీ చెప్పకూడదని పెళ్లాం చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ సాయంత్రం పేరంటాళ్ల మెప్పంతా వచ్చి తులసి ఒళ్లో పడింది. మొదటి ఏడు సిగ్గుపడుతూ పుచ్చుకుంది. మరుసటి ఏడు ఆ సిగ్గు కాస్త తగ్గింది. ఆ తరవాత "అంతా అమ్మ దయండీ" అని తల వంచుకోవడం ఆవిడకి చక్కగా అలవాటైపోయింది.

కొడుకు పవన్ చిన్నప్పుడు ఒకసారి పూజగదిలోకి తొంగిచూడబోయాడు. "అమ్మవారికి చీర కట్టేటప్పుడు మగాళ్లు గుమ్మం తొక్కకూడదు, కళ్లు పోతాయి!" అని తులసి లోపలినుంచి కేకేసింది. ఏ శాస్త్రంలోనూ లేని నియమం అది, అప్పటికప్పుడు నోటికి తోచింది. పిల్లాడు నమ్మాడు. చుట్టుపక్కల రెండు మూడిళ్లవాళ్లు కూడా విని పాటించడం మొదలుపెట్టారు. చిన్నబ్బాయి మాత్రం ఏటా పెరటి గుమ్మంలోంచి పిల్లిలా దూరి, పని కానిచ్చి, అదే దారిన తోటలోకి జారుకునేవాడు.

అలా హాయిగా సాగిపోతున్న సంసారంలోకి ఈ ఏడు కోడలు వచ్చింది. పేరు యామిని, పలివెల పిల్ల. ఆషాఢమంతా పుట్టింట్లో ఉండి శ్రావణంలో అత్తారింటికి తిరిగొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట.

"అత్తయ్యగారూ, చీర కట్టడం నాకు నేర్పాలండీ. మా అమ్మకి చెప్పేశాను. శుక్రవారం పేరంటానికి వస్తానంది."

యామిని తల్లి బేబీగారంటే తులసికి లోపల కాస్త బెరుకు. పేరుకి బేబీ గానీ, పెళ్లిలో వంటవాళ్ల చేత పులిహోర రెండోసారి కలిపించిన మనిషి. ఆవిడ కన్ను పడిందంటే వంకర ఎక్కడున్నా దొరికిపోతుంది. "దానికేముందమ్మా, నేర్పుతాను" అని పైకి నవ్వింది తులసి. కోడల్ని ఆ కాసేపూ ఏ వంటపనికో తగిలిస్తే సరిపోతుందనుకుంది.

శుక్రవారం తెల్లారేసరికి యామిని తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, బూరెల్లోకి పూర్ణం ఉండలు చేసేసి, పులిహోర పోపు కూడా పెట్టేసి పూజగదిలో పీట వేసుకుని కూర్చుంది. ఇక ఆ పిల్లని తగిలించడానికి పనంటూ ఏదీ మిగల్లేదు. పీట మీద బియ్యం పోసి ఉంది. బిందె మీద చెంబు, చెంబులో మామిడాకులు, వాటి మీద కొబ్బరికాయ, దానికి వెండి ముఖం. చెంబు మెడకి అడ్డంగా కట్టిన కర్ర అమ్మవారి భుజాలన్నమాట. పక్కనే ఆకుపచ్చ అంచు ఎర్ర పట్టుచీర.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుని చిన్నబ్బాయి మీసాలు లోపలికొచ్చాయి.

"అయ్యో మావయ్యగారూ! అమ్మవారికి చీర కడుతున్నామండీ. మగవాళ్లు రాకూడదంటండీ, కళ్లు పోతాయంట. మీ అబ్బాయి చెప్పేరు." యామిని కంగారుగా లేచి, ఆయన్ని మెల్లిగా బయటికి సాగనంపి, తలుపుకి గడియ కూడా పెట్టేసింది.

తలుపు మూసుకుపోయే ముందు చిన్నబ్బాయి పెళ్లాం వంక ఒక చూపు చూశాడు. తులసి పైకప్పు కేసి చూసింది. తను కట్టుకున్న గోడ మీంచి తనే దూకాల్సి వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

సరే, చీర విప్పింది. అన్నేళ్లుగా పక్కనుండి చూసింది కదా, ఆ మాత్రం రాకపోతుందా అనుకుంది. చూడ్డం వేరు, చేతికి రావడం వేరు. మొదటి కుచ్చు జానెడు వచ్చింది, రెండోది బెత్తెడు, మూడోది ఏ కొలతకీ లొంగలేదు. దారంతో బిగించి చెంబు మెడకి కట్టేసరికి చీర ఒక పక్కకి జారి, వెండి ముఖం వంటింటి వైపు తిరిగిపోయింది. అమ్మవారు బూరెలు మాడుతున్నాయేమోనని చూస్తున్నట్టుంది.

"ఇది ఊరికే సర్ది చూడ్డం," అంది తులసి. "అసలుది తరవాత. మామిడాకులు తక్కువైనట్టున్నాయి, తెస్తానుండు."

పెరట్లో కొబ్బరి రాశి వెనకాల చిన్నబ్బాయి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏవండీ, జారిపోతోందండీ!"

"చీర సగానికి మడిచేవా?"

"మడవాలా?"

చిన్నబ్బాయి నెత్తి కొట్టుకుని, భుజమ్మీది తువ్వాలు తీసి మడిచి, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య టకటకా కుచ్చిళ్లు పోశాడు. "ఇదిగో, ఇలాగ. ఒక కుచ్చు మీద ఒకటి కూచోవాలి. లాగకు. చీరని లాగితే దానికి కోపమొస్తుంది." కాయల బేరంలో అంగుళం దిగని మనిషి, తువ్వాలు పట్టుకుని అంత సుతారంగా చెబుతుంటే తులసికి అంత హడావుడిలోనూ ముద్దొచ్చింది. లోపలికి పరిగెత్తింది. మామిడాకులు కోయడం మర్చిపోయింది.

రెండోసారి ఇంకా ఘోరం. కుచ్చిళ్లు వచ్చాయి గానీ, దారం తెగి మొత్తం బియ్యం మీద కుప్పగా పడింది. ఈలోగా యామిని ఫోను మోగింది. బేబీగారి గొంతు గదంతా వినబడింది. "బయల్దేరిపోయేమే! ఇదిగో, వచ్చేస్తున్నాం."

తులసికి చెమటలు పట్టాయి. నీళ్లనో, పసుపనో మళ్లీ బయటికెళ్లే సాకు వెతుక్కుంటుంటే వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే కోడలి కళ్లనిండా నీళ్లు.

"అత్తయ్యగారూ, నేనుండబట్టే కుదరట్లేదేమోనండీ. ఏటా ఇట్టే కట్టేస్తారంట కదా. నేనీ ఇంట్లోకి వచ్చిన మొదటి వ్రతానికే ఇలాగైంది. నేను బయటికెళ్లిపోతానండీ, అప్పుడు అమ్మవారు కట్టించుకుంటుందేమో."

యామిని గుమ్మం దాకా వెళ్లింది. ఇంకొక్క అడుగు వేస్తే చాలు, పెరటి గడియ తీయొచ్చు, చిన్నబ్బాయి రావొచ్చు, చీర నిమిషాల్లో నిలబడుతుంది, తులసి పేరూ నిలబడుతుంది. ఆ ఆలోచన ఆవిడకి రాలేదంటే నేను అబద్ధమాడినట్టే. వచ్చింది. దాంతోపాటే ఇంకోటీ వచ్చింది. ఈ పిల్ల ఇప్పుడు ఇలా గుమ్మం దాటితే, తన అడుగు మంచిది కాదని ఈ ఇంట్లో ఎన్నేళ్లు ఉన్నా నమ్ముతూనే ఉంటుంది. తులసి చీర వదిలేసి లేచింది.

"ఎక్కడికే పిచ్చిపిల్లా, ఆగు!" అంటూ వెళ్లి పెరటి గడియ తీసింది. "ఏవండీ! లోపలికి రండి. వచ్చి కట్టండి."

చిన్నబ్బాయి గుమ్మంలో నిలబడి కోడల్నీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మావయ్యగారా?" అంది యామిని, కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి. "మరి కళ్లు..."

"ఏ కళ్లూ పోవు. అది నేనే పుట్టించేను. ఏటా కట్టేది ఆయనేనమ్మా. నాకు చేతకాదు."

గుట్టు బయటపడి బిక్కచచ్చిన చిన్నబ్బాయి, కుప్పగా పడున్న చీర చూసేసరికి అన్నీ మర్చిపోయాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కాయలు మోసి కాయలు కాసిన ఆ చేతుల్లో పట్టు మాట విన్నది. కుచ్చిళ్లు వరసగా పడ్డాయి, దారం బిగిసింది, కొంగు భుజమ్మీంచి దిగింది. వెండి ముఖం సూటిగా నిలబడింది. చెంబు మెడ దగ్గర చీర సర్దుతూ ఆయన గొంతు తగ్గించి, "బిగుతుగా ఉందా అమ్మా?" అన్నాడు.

అమ్మవారు జవాబివ్వలేదు. ఆయనకి ఆ జవాబు సరిపోయినట్టుంది, దారం కాస్త వదులు చేశాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు మావయ్యగారూ?" అంది యామిని.

"మా అమ్మ దగ్గరమ్మా. ఆవిడకి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నాకప్పుడు మీసాలు వస్తున్న వయసు. అక్కచెల్లెళ్లు లేరు. స్నానం చేయించడానికి వచ్చే మనిషి చీర ఏదో చుట్టబెట్టి పోయేది. ఎవరన్నా గుమ్మంలోకొస్తే అమ్మ ఎడం చేత్తో కొంగు కోసం తడుముకునేది. నేను చూళ్లేకపోయేవాణ్ణి." కుచ్చిళ్ల అంచులు వేళ్లతో దిద్దుతూ చెప్పాడు. "తను చెప్తుండేది, నేను కట్టేవాణ్ణి. మా పెళ్లికి ముందే పోయింది. ఇదిగో, ఏడాదికోసారి ఈ అమ్మకి కడతాను." తరవాత కోడలి వైపు తిరిగి బతిమాలినట్టు అన్నాడు. "ఇది మన ముగ్గురి మధ్యే ఉండాలి తల్లీ. బయట తెలిస్తే తలెత్తుకోలేను."

"ఆయ్, ఎవరికీ చెప్పనండీ," అంది యామిని.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. తోరాలు కట్టుకున్నారు, కథ చదువుకున్నారు, నోరు తెరిచిన బూరెల్ని తులసి గిన్నె అడుక్కి తోసి మంచివి పైన పెట్టి నైవేద్యం చేసింది. పేరంటాళ్లతో గది కిక్కిరిసింది. బేబీగారు కలశం ముందు నిలబడి, ఎడం నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, వంగి ఒకసారి చూసింది. వంకేదీ దొరకలేదు.

"వదినగారూ, ఏం కట్టేరండీ! మా పలివెలలో ఇలాటిది చూళ్లేదు. యామినీ, చూసి నేర్చుకో. మీ అత్తగారిది మామూలు చెయ్యి కాదే!"

తులసి నోట్లో "అంతా అమ్మ దయండీ" తయారుగా ఉంది. అంతలో యామిని కనబడింది. శనగల పళ్లెం పట్టుకుని, తల్లి మొహం చూడలేక నేల చూపులు చూస్తోంది. కొత్త కోడలికి తను నేర్పే మొదటి విద్య అబద్ధమాడ్డమా? ఆయన దాచింది నలుగురూ నవ్వుతారన్న భయంతో, తను దాచింది ఈ మెప్పు కోసం కాదూ? తులసికి ఒళ్లంతా సిగ్గేసింది. సావిట్లో అరిటాకుల కట్టతో నిలబడ్డ చిన్నబ్బాయికి ఏదో తట్టి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"నేను కాదండీ వదినగారూ," అంది తులసి. "మీ అన్నయ్యగారు కట్టేరు. ఏటా ఆయనే కడతారు."

అందరూ సావిడి వైపు తిరిగారు. బేబీగారే ముందు అందుకుంది. "ఈ మీసాలాయనా! కుచ్చిళ్లా!" అని పకపకా నవ్వింది. గదంతా నవ్వింది. చిన్నబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అరిటాకులు బల్ల మీద పడేసి మెట్లవైపు తిరిగాడు. అయ్యో, నా తప్పు దిద్దుకోబోయి మొగుణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశానే అని తులసికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆగరా చిన్నబ్బాయ్!"

గోడవార కుర్చీలో కూర్చున్న సూర్యకాంతం మామ్మ గొంతు అది. రెండిళ్ల అవతల ఉంటుంది. చిన్నబ్బాయి తల్లికి ప్రాణస్నేహితురాలు. కర్ర ఆనించుకుని లేచి కలశం దగ్గరికి నడిచి, అమ్మవారి కుచ్చిళ్ల మీద వేలు పెట్టింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఈ కట్టు నేనెరుగుదును," అంది. "మీ అమ్మ చెయ్యి పడిపోయేక కూడా ఏనాడూ చీర చెదిరి ఎరగదు. పెళ్లికెళ్లేదానిలా కూచునేది గుమ్మంలో. ఎవరు కట్టేరే అంటే, ఇంకెవరు, నేనే, ఒంటి చేత్తో కట్టుకున్నాను అనేది. నిజమే అనుకుని, రెండు చేతులున్న నా కోడళ్లని ఎన్ని తిట్లు తిట్టేనురా! దాని ధైర్యం చూసి ఊరంతా దణ్ణం పెట్టేం. నిన్నెవరన్నా నవ్వుతారని అలా చెప్పుకొచ్చింది కాబోలు. అన్నాళ్లూ దాన్ని అలా కూచోబెట్టింది నువ్వట్రా?"

బేబీగారు కొంగుతో కళ్లొత్తుకుంది. చిన్నబ్బాయి మెట్లమీంచి వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మీసాలు తడిసిపోయాయి, తుడుచుకోలేదు.

"ఆయ్, నేనే పిన్నీ," అన్నాడు, గదిలో ఆఖరున కూర్చున్న పేరంటాలికి కూడా వినబడేటట్టు.