ఆపితే పోయే పార్కు

వదిన ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మరదలు బస్సుల డిపోలో మెకానిక్. ఒకరి వేళ్ళకి సుద్దముక్క, ఇంకొకరి వేళ్ళకి గ్రీజు. అన్న పోయాక కూడా మరదలు ఆ రెండు గదుల ఇల్లు వదల్లేదు. ఇప్పుడు వదలక తప్పడం లేదు. వేరే ఊరి డిపోకి బదిలీ అయింది. వచ్చే నెల వెళ్ళాలి.

ఆ మాట ఇద్దరూ ఎత్తరు. పని కాగానే కుట్టుమిషను పక్కనున్న కంప్యూటర్ ముందు చేరి పార్కు కడతారు.

అది పార్కులు కట్టే ఆట. ఖాళీ నేల ఇస్తారు. దారులు వేసుకోవాలి, చెట్లు నాటుకోవాలి, రంగులరాట్నాలు నిలబెట్టుకోవాలి. గేటు తెరవగానే వేలెడంత మనుషులు బిలబిలమంటూ వస్తారు. ఎండెక్కితే నీడకి జరుగుతారు, చినుకు పడితే గొడుగు విప్పుతారు. తల్లి వెనకబడితే పిల్ల తిరిగొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. ఎవరు చేశారో గానీ మనసున్న మనుషులు, అనుకునేది వదిన.

రోలర్ కోస్టర్ మరదలి వంతు. బండి మొదటిసారి కిందికి దిగుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని చప్పుడు వినేది. "మలుపు దగ్గర పట్టేస్తోంది వదినా" అని పట్టా కాస్త వాల్చేది. రెండోసారి బండి నూనె రాసినట్టు జారిపోయేది. ఆ చేతుల వంక చూస్తూ వదిన తన వంతు మర్చిపోయేది. దారులూ బెంచీలూ ఆవిడ వంతు. చంక దగ్గర గుడ్డ తిప్పినట్టు, ఎక్కడా ముడత పడకుండా దారి తిప్పేది.

ఒకటే చిక్కు. వాళ్ళ దగ్గరున్నది రుచి చూడమని ఉచితంగా ఇచ్చిన ముక్క. అందులో కట్టింది దాచుకోవడం కుదరదు. ఆట మూస్తే పార్కు పోతుంది. మర్నాడు మళ్ళీ ఖాళీ నేల.

"మొత్తం ఆట కొనేస్తే పోలా?" అంది వదిన మరోసారి.

"కొందాంలే. వచ్చే ఏడాది దీని రెండో భాగం వస్తోందట. ఈత కొలనులు, నీటి జారుడుబల్లలు, ఏవేవో ఉంటాయట. పైగా ఇందులో కట్టినవి అందులో తెరుచుకోవట. ఇప్పుడు కొని కట్టిందంతా దండగ."

"నీకన్నీ ముందుచూపులే."

"పాత బస్సు తీసేస్తున్నారని తెలిసీ దానికి కొత్త టైర్లు ఎవరేస్తారు చెప్పు?"

వదిన మరదలు కూర్చున్న కుర్చీ వంక చూసింది. వచ్చే ఏడాదికి ఆ కుర్చీలో ఈ మనిషి ఉండదు. భర్త కూడా ఇప్పుడే వస్తానని చెప్పులేసుకుని వెళ్ళాడు. అదే ఆఖరి చూపని తెలిసుంటే, మిషను ఆపి వీధి మలుపు దాకా చూసేది.

ఆ రోజు పార్కు ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. కొండ చుట్టూ తిరిగొచ్చిన బండి సరిగ్గా చెట్టు నీడలో ఆగుతోంది. ఇంతలో డిపో నుంచి ఫోనొచ్చి మరదలు లేచింది. "ఆపెయ్ వదినా."

వదిన సరేనంది. ఆపలేదు. మరదలి కంట పడకుండా తెరనీ పెట్టెనీ కలిపి తన శాలువా కప్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం డిపో నుంచి వచ్చిన మరదలు మాడువాసనకి గడపలోనే ముక్కు ఎగబీల్చింది. ఒక్క అంగలో వెళ్ళి శాలువా లాగేసి, గోడ దగ్గర స్విచ్ కట్టేసింది.

"కాలిపోతున్న ఇంజనుకి ఎవరైనా దుప్పటి కప్పుతారా? దానికేమైనా చలిజ్వరమా?"

వదిన నల్లటి తెర వంక చూసింది. "పోయిందా?"

"పోలేదులే. చల్లారాక పనిచేస్తుంది."

"పెట్టె సంగతి కాదే."

మరదలికి అప్పుడు తెలిసింది. శాలువా చేతిలోనే ఉండిపోయింది.

"పోతే పోనీలే" అని వదిన గుడ్డ వైపు తిరిగింది. అన్నేళ్ళలో ఆవిడ కత్తెర గీత తప్పడం అదే మొదలు.

మరదలు పెట్టె చల్లారేదాకా కూర్చుని ఆట తెరిచింది. గేటు దగ్గర్నుంచి దారి వేయడం మొదలుపెట్టింది. చూడకూడదనుకుంటూనే వదిన చూసింది. దారి ఎక్కడ వంగాలో అక్కడే వంగింది. పిల్లల కాళ్ళు నొప్పులు పుట్టే చోట బెంచీ పడింది. గేటు పక్కన ఇంకో బెంచీ పడింది. దాన్ని వదిన ఎప్పుడూ రాట్నాల వైపు కాక గేటు వైపు తిప్పిపెట్టేది, వెళ్ళేవాళ్ళు కనుమరుగయ్యేదాకా చూడొచ్చని. మరదలు కూడా అటే తిప్పింది.

ఈ మనిషికి తన పట్టాల ధ్యాస తప్ప వేరే లేదనుకుంది వదిన ఇన్నాళ్ళూ.

"ఇవన్నీ ఎప్పుడు చూశావే?"

"నా బండి దిగి కళ్ళు తిరిగినవాళ్ళు కూలబడేది నీ బెంచీల మీదేగా. చూడనా?" అని మరదలు ఆగింది. "దీపస్తంభం చెట్టుకి ఇవతలా, అవతలా?"

"ఇవతల." వదిన కుర్చీ జరుపుకుంది. "కొత్తది బాగుంటుందే. కాదనను. కానీ వచ్చే ఏడాదికి నువ్వెక్కడ, నేనెక్కడ. నువ్వెళ్ళేలోపు నాకో పార్కు కావాలి. ఆపినా ఉండేది."

మరదలు వదిన వైపు తిరిగింది. "ఈ ముక్క ముందే అనొచ్చుగా. నీకు ఈత కొలనులంటే సరదా అనుకున్నా."

"నాకు ఈతెందుకే. స్నానానికే బద్ధకం."

పార్కు తెర మీద ఉండగానే, ఆ సాయంత్రమే మొత్తం ఆట కొన్నారు.

"మరి కొత్తదొస్తే?" అంది వదిన.

"అదీ కొందాం. మళ్ళీ ఖాళీ నేల మీద మొదలుపెడదాం. మనకేం కొత్తా?"

మరదలు పార్కు దాచి, ఆట మూసి, స్విచ్ కట్టేసి మళ్ళీ వేసింది. వదిన మెడలోని కొలతల టేపు మెలిపెడుతూ కూర్చుంది. తెర వెలిగింది. ఐస్‌క్రీము పట్టుకున్న పిల్ల ఇందాక ఎత్తిన కాలు ఇప్పుడు కింద పెట్టింది.

వదిన ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. బాగా చీకటి పడకముందే తనే లేచి గోడ దగ్గరికెళ్ళింది.

"అప్పుడేనా వదినా?"

"పొద్దున్నే నీకు డ్యూటీ ఉందిగా." వదిన స్విచ్ మీద వేలు పెట్టింది. "దాచావుగా. ఉంటుందిలే."