సివియర్ ఎవరికొస్తుంది

ఫోన్ మోగేసరికి ఆమె నోట్లో బట్టల క్లిప్పు, భుజాన మొగుడి తడి చొక్కా ఉన్నాయి. నిఘంటువు ఆఫీసు పెద్దావిడ చెప్పిన కబురుకి క్లిప్పుతోనే "ఊఁ" అంది. ఆమె రాసి పంపిన నమూనా పేజీ నచ్చిందట. ఇక ‘సివియర్’ అనే మాట ఆమెదేనట. అర్థాలు వాళ్లే రాసుకున్నారు. ఇళ్లలో జనం దాన్నెలా వాడతారో ఉదాహరణలు మాత్రం రేపు సాయంత్రానికి పంపాలి. బాగుంటే ఉద్యోగం ఖాయం.

కుక్కర్ కూత కూడా పాటలా వినిపిస్తున్న కొత్త కాపురం. వాక్యాల కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. లోపల మొగుడు రెండుసార్లు తుమ్మాడు. వాడికి సివియర్ జలుబు, కషాయం పెట్టమంది అత్తగారు. టీవీ మీంచి చూపు తిప్పకుండానే మామగారు తన మోకాలు సివియర్‌గా లాగుతోందన్నారు. వేళ్ల మీద లెక్కేసుకుని మురిసిపోయింది.

మూడోది తన గురించి రాద్దామనుకుని ఆగిపోయింది. పోయిన నెల జ్వరంతో పళ్లు టకటకలాడుతుంటే అత్తగారు నుదురు ముట్టుకుని, పొయ్యి దగ్గర నిలబడ్డావు కదా, కాస్త వెచ్చబడ్డావంది. మొగుడైతే ఎంతో ప్రేమగా, "పడుకో, వంటయ్యాక," అన్నాడు. ఆ ప్రేమకి అప్పుడు కరిగిపోయింది కూడా. ఇప్పుడు తల్చుకుంటే ముందు నవ్వొచ్చింది, వెనకే ఒళ్లు మండింది. ఈ మాట ఇంట్లో మగవాళ్ల తువ్వాలు లాంటిది. ఆడవాళ్లు ఉతికి ఆరెయ్యాలే గానీ ముఖం తుడుచుకోకూడదు. ఆ మాటకొస్తే అత్తగారు మాత్రం? మొన్న అరచెయ్యి కాలి బొబ్బలెక్కితే, కాస్త చురుక్కుమందంతేనని అంట్ల ముందు కూర్చుంది.

భోజనాల దగ్గర ఉద్యోగం సంగతి చెప్పింది. మొగుడు నిజంగానే సంతోషించాడు. రేపు తన స్నేహితులు భోజనానికొస్తున్నారనీ, వాళ్లు తిని వెళ్లాక తీరిగ్గా రాసుకోమనీ అన్నాడు. వాళ్లు కదిలేసరికి దీపాలు పెట్టే వేళవుతుందని అందరికీ తెలుసు.

ఆమె గరిటె కింద పెట్టింది.

"రేపు నాకు సివియర్ తలనొప్పి వస్తుందండీ. లేవగానే మొదలై సాయంత్రం దాకా ఉంటుంది. గది తలుపేసుకుని రాసుకుంటాను. వంట మీరు చూసుకోండి."

ముద్ద అతని నోటి దగ్గరే ఆగింది. "రేపొచ్చే తలనొప్పి ఇవాళే ఎలా తెలుస్తుంది?"

"మీ స్నేహితులు రేపొస్తారని ఇవాళే తెలిసింది కదా."

మామగారు టీవీ గొంతు తగ్గించారు. అత్తగారు కోడలి వంక కాసేపు చూసింది. కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"తలనొప్పి నువ్వుంచుకో," అంది. "నాకు సివియర్ నడుంనొప్పి రాసుకో. రేపు నేనూ నీ గదిలోనే పడుకుంటాను."