బాధ్యత గల వ్యక్తి బొటనవేళ్లు

చోడి అంబలి, అంటే రాగిజావ, ఉండ కట్టకుండా కలపడమన్నది మానవ నాగరికత నేటికీ ఆధారపడి నిలిచిన ఏకైక మహాక్రతువు. రాజ్యాలు కూలినా, కొండచరియలు జారి అరకు రోడ్డు మూసుకుపోయినా, అనంతగిరి దగ్గరి మా ఇంట్లో ఉదయం ఆరు గంటలకు అది ఆగదు. ఆ క్రతువుకు ఋత్విక్కునూ నేనే, సమిధనూ నేనే. కవాటం బాగుచేయడానికి నా గుండెను కోసి కుట్టిన మూడోవారానికే గరిటె మళ్లీ నా చేతికొచ్చింది. "కూకుని కలిపేదే గదా, ఇదీ ఒక పనేనేటి?" అంది మా అత్తగారు సుజానమ్మ, కిరీటం తొడుగుతున్నంత దయగా.

ఆసుపత్రి నుంచి పంపేముందు విశాఖలో డాక్టర్ మాధవి గారు నా భవిష్యత్తు చెప్పారు. చేతిరేఖలు చూసి కాదు. నా ఈసీజీ గీతలను కంప్యూటరుకు చూపించి. అలాంటి గీతలున్నవారిలో ప్రతి పదిమందిలో ఆరుగురికి రాబోయే వారాల్లో గుండె లయ తప్పుతుందని అది తేల్చిందట. లయ తప్పితే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకెక్కవచ్చు. మాట పోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు. పద్దెనిమిదేళ్ల కాపురంలో నాకు రేపేమవుతుందోనని ఆలోచించిన తొలి ప్రాణి ఆ కంప్యూటరే గనుక దానిమీద నాకు చెప్పరాని అభిమానం కలిగింది. అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి ఇచ్చారు. ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, ఆపైన రెండు బొటనవేళ్లూ దానిమీద ముప్పై సెకన్లు కదలకుండా ఆనించాలి. గీత దానంతటదే ఆసుపత్రికి వెళుతుంది. జవాబులు మాత్రం 'బాధ్యత గల వ్యక్తి' అన్న గడిలో రాసిన మా ఆయన నంబరుకు వస్తాయి. మూడు నెలలూ లయ సరిగా ఉంటే రక్తం పలచబరిచే మాత్ర ఆపేస్తారు.

సైన్సు అన్నీ ఊహించింది; నేను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవడం ఎలాగో ఒక్కటే ఊహించలేదు.

మొదటి ఉదయం కూర్చున్నాను. "ఏటే లిదియా, దొరసానిలాగ కూకున్నావు? అవతల అంబలి పొంగిపోతంది, బేగి రా!" అన్న అత్తగారి కేకకు లేచాను. యంత్రం ఎర్రదీపంతో కసిరింది. సాయంత్రం, నేను తెలుగు చెప్పే ఆశ్రమ పాఠశాలలో ప్రయత్నించాను. హెడ్మాస్టరు సర్వేశ్వరరావు గారు నా ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని పాఠాలు తగ్గించి, హాస్టల్ వంటశాల అప్పగించారు. "లేడీస్ కదా మేడమ్, మీకది రెస్టే" అన్నారు. మూడు వందల మంది పిల్లల పప్పుచారు పక్కన నిలబడి రెస్టు తీసుకున్నాను.

రెండు రోజులు గీత రాలేదని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చర్చిలో సంఘపెద్ద అయిన మా ఆయన దైవాధీనం గారికి పరువు పోయినట్టయింది. కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని యంత్రం అందుకున్నారు. ఊరికే కూర్చోవడంలో ఆయనకున్న సాధన మా ఇంట్లో మరొకరికి లేదు.

"అది నా గుండెకండీ."

"నీది, నాది ఏటే? పెళ్లిలో పాస్టరు గారేటన్నారు? ఇద్దరూ ఏకశరీరవన్నారా లేదా? నువ్వు పని సూసుకో, నేను పెట్టేత్తాను."

గ్రామసభలో నా పేరిట మాట్లాడే మనిషి, నా పేరిట గుండె కొట్టుకోవడానికి వెనుకాడతాడా? పచ్చదీపం వెలిగింది. ఆ ఉదయం నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, అంబలి పొంగలేదు. నా నేరం అదే.

రోజూ ఆయన వేళ్లకే వెలిగిన ఆ పచ్చదీపం కొన్ని వారాలకు చర్చిలో సాక్ష్యమైంది. "మా ఇంటిదాని గుండె గడియారంలాగ కొట్టుకుంతంది, దేవునికి స్తోత్రం!" అని ఆయన ప్రకటిస్తే సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ల వరుసలో చాపమీద కూర్చున్న నా గుండె, తొక్క ఒలిచే పల్పరులో పోసిన కాఫీపళ్లలా, రెండు కలిసి, ఒకటి దాటి, ఒక్క క్షణం ఇరుక్కుని, మళ్లీ దొర్లింది.

అత్తగారితో చెప్పాను. "యంత్రవే బాగుందంతంటే నువ్వు బాగోలేదంతావేటి? పని తప్పించుకోడానికి ఎన్ని ఏసాలే!" అంది. మూడు నెలలు నిండి డాక్టరుగారు ఫోన్ చేసిన రోజు ఆవిడకూ చెప్పాను. "మీ గీతలు రోజూ చూస్తున్నాను లిదియా గారూ, చక్కగా ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత భయం సహజం. వచ్చే సోమవారం నుంచి ఆ మాత్ర ఆపేయండి." అవి నావి కావు అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఆయన, ఫోన్ కోసం చెయ్యి చాపి నిలబడి ఉన్నారు. సాక్ష్యం అబద్ధమైతే సంఘపెద్ద ఏమవుతాడో ఆ చేతికి తెలుసు. మాట మింగేశాను.

సోమవారానికి ముందటి ఆదివారం, పెళ్లయ్యాక మొదటిసారి, నేను చర్చికి రానన్నాను.

"మరి అంబలో?" అంది అత్తగారు.

"ఈ పూటకి మీరు కలుపుకోండి అత్తయ్యా."

ఆమె కలపలేదు, ఉపవాసమని చెప్పి కొడుకుతో వెళ్లిపోయింది. నేను మా ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఐదు నిమిషాలు ఎంత పెద్దవో అప్పుడు తెలిసింది. బొటనవేళ్లు ఆనించాను. ముప్పై సెకన్లకు పసుపుదీపం వెలిగింది. లయ తప్పిందని దాని అర్థం. భయపడ్డాను, అంతకుమించి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, సంతోషపడ్డాను. పద్దెనిమిదేళ్లలో నా కబురొకటి ఎవరి నోటిగుండానూ కాక నేరుగా ఘాట్ రోడ్డు దిగింది.

మధ్యాహ్నం ఆయన ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. "ఏటి సేసేవే యంత్రాన్ని? ఆసుపత్రోళ్లు మెసేజెట్టారు సూడు" అని, చర్చిలో వాక్యం చదివే గొంతుతో చదివి వినిపించారు:

"ఈ ఉదయం వచ్చిన గీత లిదియా గారి మునుపటి గీతలతో సరిపోలడం లేదు. వేరొకరు వేళ్లు పెట్టినట్టుంది గనుక తొలగించాము. రేపు మాత్ర ఆపడంలో మార్పు లేదు. ఇకపై దయచేసి రోగి వేళ్లే పెట్టించండి."